ఓటీపీ కోసం ఫోను తీసి గంటా నలభై ఐదు నిమిషాలు పోగొట్టుకున్నాను: ఇది ఏడీహెచ్‌డీయా, రీళ్ల వ్యసనమా?

‘ఇరవయ్యో తేదీ’ అనే పేరుతో (హైదరాబాదు), చర్చ ప్రారంభం:

నాకు 36 ఏళ్లు. కూకట్‌పల్లిలో చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసిపెట్టే పని చేస్తాను. నెలనెలా 20వ తేదీలోపు 3బి రిటర్ను వేయకపోతే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము పడుతుందని నా దగ్గరికి వచ్చే ప్రతి దుకాణదారుకూ చెప్పేది నేనే. పోయిన నెల ముగ్గురి రుసుము నా చేతి డబ్బుతో కట్టాను, ఎందుకంటే ఆలస్యం వారిది కాదు, నాది.

లెక్కలన్నీ రెండు రోజుల ముందే పూర్తయ్యాయి. 20వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకు ఆఖరి మీట నొక్కి, ఓటీపీ కోసం ఫోను అందుకున్నాను. ఆ ముగ్గురి ఖాతాలకూ నా నంబరే ఇచ్చి ఉంది. తెర మీద ఓటీపీ సందేశానికి పైన ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఒక నోటిఫికేషన్ కనిపించింది. ఎవరో పెద్దావిడ రోట్లో గోంగూర నూరుతున్నారు. దాని వెనుక ఇంకొకటి, దాని వెనుక మరొకటి. తలెత్తి చూసేసరికి పదకొండుంబావు అయింది. ఓటీపీ గడువు చెల్లిపోయింది, పోర్టల్ నన్ను బయటికి నెట్టేసింది, మళ్లీ లోపలికి వెళ్లి మొదటి రిటర్ను తెరిచేసరికి తేదీ మారింది. ఆ గంటా నలభై ఐదు నిమిషాల్లో నాకు ఆనందం కలిగిందా అంటే, కలగలేదు. రిటర్ను వేయాలన్న సంగతి తలలో ఒక మూల మోగుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు.

విచిత్రం ఏమిటంటే, నాకున్నది ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిచురుకు ఉండే స్థితి) కావచ్చునని మొదట చెప్పినదీ ఆ రీళ్లే. ఒక అమ్మాయి తన వంటింటి గట్టు మీద సగం తాగి వదిలేసిన నాలుగు టీ కప్పులను చూపిస్తూ మాట్లాడుతుంటే, నా వంటిల్లు ఆమెకెలా తెలిసిందా అని నాకు ఏడుపొచ్చింది. మా వారు మాత్రం ఫోను పక్కన పెడితే అన్నీ సర్దుకుంటాయని అంటున్నారు. మా అమ్మ నేను చిన్నప్పటి నుంచీ ఇంతేనని తేల్చేసింది. ఎవరి మాట నమ్మాలి?

తెనాలి మాస్టారు (తెనాలి):

అమ్మాయీ, నేను 34 సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పినవాణ్ణి. కుదురులేని పిల్లలు అప్పుడూ ఉండేవారు. ఆ కుదురులేనితనానికి ఇంగ్లీషులో నాలుగక్షరాల పేరు మాత్రం లేదు. ఇప్పుడు అందరి కుదురూ పోయింది. 68 ఏళ్ల నేను కూడా పత్రికలో సంపాదకీయం చివరి పేరా దాకా వెళ్లలేకపోతున్నాను. అంటే నాకూ ఆ జబ్బు ఉన్నట్టేనా?

మనది అష్టావధానం పుట్టి పెరిగిన భాష. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి ఇచ్చేవారు ఒకవైపు కూర్చుంటే, ఇంకొకవైపు అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు కూర్చుని అవధాని ధ్యాస చెడగొట్టడానికి అడ్డమైన ప్రశ్నలన్నీ వేస్తాడు. అవధాని అతనికి నవ్వుతూ జవాబిచ్చి, వదిలిన పాదం దగ్గరికే తిరిగి వస్తాడు. ఫోను అటువంటి అప్రస్తుత ప్రసంగి. దాన్ని ఆపడం కాదు, తిరిగి రావడం నేర్చుకోవాలి. అది సాధనతో వచ్చేదే తప్ప మాత్రలతో వచ్చేది కాదని నా అభిప్రాయం.

డాలస్ రాత్రులు (టెక్సస్):

మాస్టారూ, మీ పోలిక నాకు బాగా నచ్చింది, కానీ ఏడీహెచ్‌డీ ఉన్న మా విషయంలో అది ఒకచోట తప్పుతుంది. అవధానికి అప్రస్తుత ప్రసంగి ఎదురుగా, వేరే కుర్చీలో కూర్చుంటాడు. మాకు వాడు తల లోపలే కూర్చుని ఉంటాడు. ఫోను వచ్చి వాడి చేతికి మైకు ఇచ్చింది, అంతే. నేను గుంటూరు జిల్లాలో ఇంటర్ చదివిన రోజుల్లో ఇంట్లో ఫోనే లేదు. అయినా భౌతికశాస్త్రం పుస్తకం తెరిచి, కిటికీ ఊచ మీద పాకుతున్న చీమల వరుసను సాయంత్రం దాకా చూసినవాణ్ణి.

ఇంకొక మాట. నేను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. పేజీ అడుగుకు చేరగానే తర్వాతి పేజీ దానంతటదే వచ్చిపడే అమరికను 2006లో ఏజా రాస్కిన్ రూపొందించారు, ఆ తర్వాతి కాలంలో దాని గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారు కూడా. అంతకు ముందు పేజీ చివర చిన్న ఆగుదల ఉండేది. తర్వాతి పేజీకి పోవాలంటే వేలితో నొక్కాలి, ఆ అరక్షణంలో ఇక చాలు అనుకోవడానికి సందు దొరికేది. మామూలు మనిషికి ఆ సందు పోతే పది నిమిషాలు పోతాయి, నాకు రాత్రి పోతుంది. మనలో బలహీనంగా ఉన్నది సరిగ్గా ఆ ఆగే శక్తే కాబట్టి, ఆగవలసిన చోటును తీసేసిన వస్తువు మన మీద పనిచేసినంతగా ఇంకెవరి మీదా పనిచేయదు.

బెజవాడ వైద్యుడు (విజయవాడ):

నేను మానసిక వైద్యుణ్ణి. ఇక్కడ ఎవరికీ రోగనిర్ధారణ చేయలేను, చేయను. అయితే చర్చ ప్రారంభించిన అమ్మగారు తన ప్రశ్నకు కావలసిన ఆధారాన్ని తెలియకుండానే చివరి వాక్యాల్లో రాసేశారు. మీ వారి మాట కంటే మీ అమ్మగారి మాట నాకు ఎక్కువ పనికివస్తుంది.

ఏడీహెచ్‌డీ పెద్దయ్యాక కొత్తగా మొదలయ్యే జబ్బు కాదు, మెదడు ఎదుగుదలకు సంబంధించిన తేడా. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగనిర్ధారణ గ్రంథం) ప్రమాణాల ప్రకారం, లక్షణాల్లో కొన్నయినా 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి. బడి, ఇల్లు, ఉద్యోగం వంటి వాటిలో కనీసం రెండు చోట్ల అవి బయటపడాలి, బతుకును నిజంగా దెబ్బతీస్తూ ఉండాలి. పరధ్యానానికి సంబంధించి 9, అతిచురుకు, తొందరపాటులకు సంబంధించి మరో 9 లక్షణాలు ఉంటాయి. 17 ఏళ్లు నిండినవారికి ఈ రెండు వర్గాల్లో ఏదో ఒకదానిలో 5 చాలు, పిల్లలకయితే 6 ఉండాలి. మీ వయసు 36 అంటున్నారు కాబట్టి, మీకు పన్నెండేళ్లు నిండేనాటికి మన ఇళ్లలో స్మార్ట్‌ఫోను లేదు. చవక డేటా 2016లో జియోతో వచ్చింది, రీళ్లు 2020లో టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చాయి. అందువల్ల మీ వయసువారికి మేము వేసే మొదటి ప్రశ్న ఐదో తరగతిలో ఎలా ఉండేవారన్నదే.

మాస్టారి సందేహం కూడా కొట్టిపారేయదగింది కాదు. లాస్ ఏంజెలెస్‌లో 15, 16 ఏళ్ల విద్యార్థులు 2,587 మందిని రెండేళ్ల పాటు గమనించిన అధ్యయనం 2018లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. మొదట్లో ఏ లక్షణాలూ లేనివారినే అందులో తీసుకున్నారు. అడిగిన 14 రకాల డిజిటల్ వ్యాపకాల్లో దేన్నీ అతిగా వాడనివారిలో 4.6 శాతం మందికి, పద్నాలుగింటినీ అతిగా వాడేవారిలో 10.5 శాతం మందికి తర్వాత లక్షణాలు కనిపించాయి. ఇవి పిల్లలు స్వయంగా చెప్పిన లక్షణాలే గాని వైద్యుడు చేసిన నిర్ధారణలు కావు, ఏది కారణమో ఏది ఫలితమో కూడా ఇందులో తేలలేదు. కవలలపై జరిగిన అధ్యయనాల్లో వంశపారంపర్యపు వాటా 70 నుంచి 80 శాతం దాకా కనిపిస్తుంది. ఫోను ఆ జన్యువులను పుట్టించలేదు. ఉన్న తేడాను మాత్రం బాగా పెద్దది చేయగలదు.

పేరు కొత్తదే గాని స్థితి పాతదే, మాస్టారూ. స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ క్రైటన్ అనే వైద్యుడు 1798లోనే, కుక్క మొరిగినా బల్ల జరిపినా ధ్యాస చెదిరిపోయి అవస్థపడే మనుషుల గురించి రాశారు.

నిర్వాహకులు:

మందుల మోతాదులను ఎవరూ ఇక్కడ రాయవద్దని మనవి. పేర్లు, అనుభవాలు చెప్పుకోవచ్చు.

కరీంనగర్ అమ్మ (కరీంనగర్):

ఇరవయ్యో తేదీ అక్కా, మీ కథ చదివి నా కొడుకు గుర్తుకొచ్చాడు. వాడు తొమ్మిదో తరగతి. రెండో తరగతిలోనే వాడి టీచరు కుర్చీలో ముళ్లున్నాయా అని అడిగేవారు. అప్పుడు వాడి చేతికి ఫోను ఇచ్చిన పాపాన పోలేదు. కరోనా కాలంలో ఆన్‌లైను పాఠాల కోసం ఇచ్చాం, అప్పటి నుంచి తిరిగి తీసుకోవడం మా వల్ల కావడం లేదు. బలవంతాన లాక్కుంటే వస్తువులు విసురుతాడు, గంట తర్వాత వాడే వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తాడు. బంధువులందరూ కలిసి ఫోను ఇచ్చి చెడగొట్టిన తల్లి అని నాకు పేరు పెట్టారు. బడిలో అడిగితే వైకల్య ధ్రువపత్రం తెమ్మన్నారు, దాని కోసం వెళితే ఈ పేరుతో ఇవ్వడం లేదన్నారు. నేను ఎవరిని అడగాలి?

బెజవాడ వైద్యుడు:

అమ్మా, మీరు చెడగొట్టలేదు. రెండో తరగతి నాటి టీచరు మాటను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, అది మీ బంధువులకే కాదు, వైద్యుడికీ పనికొస్తుంది.

ధ్రువపత్రం విషయంలో మీకు చెప్పింది నిజమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వాటిలో ఉన్నాయి గాని ఏడీహెచ్‌డీ పేరు లేదు. అయితే ఈ పిల్లల్లో చాలామందికి చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో అభ్యసన వైకల్యం కూడా ఉంటుంది. దానికి పరీక్ష చేయించడం మంచిది, ఉన్నట్టు తేలితే ఆ పేరుతో ధ్రువపత్రానికి దారి ఉంటుంది. మీ దగ్గరలో పిల్లల మానసిక వైద్యులు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ-మానస్ నంబరు 14416కు ఫోను చేయండి, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

విసరడం గురించి ఒక్క మాట. ఆట మధ్యలో, వీడియో మధ్యలో లాక్కోవద్దు. అలాంటి పిల్లలకు ఒక పని నుంచి ఇంకో పనికి మారడమే కష్టం. ముందే చెప్పి, ఆగే చోటును వాడితోనే ఎంచుకోనిచ్చి, ఆపగానే చేతికి ఇంకేదైనా పని, తినడానికైనా సరే, సిద్ధంగా ఉంచండి. రాత్రి ఫోను ఛార్జింగు మీ గదిలో పెట్టండి. నిద్ర చెడితే మిగతావన్నీ చెడతాయి.

రీళ్ల కుర్రాడు (విశాఖపట్నం):

నేను చిన్న వీడియోలు చేసి పొట్టపోసుకుంటున్నవాణ్ణి, అందులో మానసిక ఆరోగ్యం గురించినవి కొన్ని ఉన్నాయి. తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ మా వంటగది ఎలా నడుస్తుందో చెబుతాను. తాళంచెవులు మరిచిపోతారా, పాట మధ్యలో మార్చేస్తారా అని అడిగితే వంద మందిలో తొంభై మంది తమకేనని అనుకుని స్నేహితులకు పంపుతారు. పన్నెండేళ్ల లోపు మొదలవ్వాలి, రెండు చోట్ల కనిపించాలి అని వైద్యుడు గారు చెప్పిన షరతులు చేర్చి ఒక వీడియో చేశాను. ఎవరూ చూడలేదు. షరతులు చేర్చినకొద్దీ తనదనుకునేవాళ్లు తగ్గుతారు, వాళ్లు తగ్గితే పంపేవాళ్లూ తగ్గుతారు.

టిక్‌టాక్‌లో ఏడీహెచ్‌డీ గురించి అత్యధికులు చూసిన 100 వీడియోలను కెనడా పరిశోధకులు పరిశీలిస్తే 52 తప్పుదారి పట్టించేవిగా తేలాయని 2022లో చదివాను. అది చదివాక నా పాతవి పదకొండు తీసేశాను. వాటిలో ఒకటి నాకు ఎక్కువ డబ్బు తెచ్చినదే.

ఇరవయ్యో తేదీ:

తమ్ముడూ, నిజం చెప్పినందుకు సంతోషం. అయినా మీ వీడియోలను పూర్తిగా తిట్టలేను. నేను బడిలో బల్ల మీద ఎక్కి దూకిన పిల్లను కాను. చివరి వరుసలో నిశ్శబ్దంగా కూర్చుని, పాఠం వింటున్నట్టే మొహం పెట్టి, ఇంకెక్కడో ఉండే పిల్లను. అల్లరి చేసే మగపిల్లలను కనీసం ప్రధానోపాధ్యాయుడి గదికి తీసుకువెళతారు, నాలాంటివాళ్లను మంచిపిల్ల అని వదిలేస్తారు. పెళ్లయ్యాక గ్యాసు మీద పాలు పెట్టి మరిచిపోతే, కుక్కర్ కూతలు లెక్కపెట్టడం మరిచిపోతే, అత్తగారికి అది నిర్లక్ష్యం, నాకు సిగ్గు. ముప్పై ఆరేళ్లలో ఏ వైద్యుడూ, ఏ ఉపాధ్యాయుడూ చెప్పని మాటను నాకు చెప్పింది ఒక ముప్పై సెకన్ల వీడియో. అది చెప్పినదాంట్లో సగం తప్పే కావచ్చు, కానీ తలుపు తట్టింది అదొక్కటే.

డాలస్ రాత్రులు:

తలుపు తట్టాక లోపలికి వెళ్లకుండా గుమ్మంలోనే కూర్చోవడం నేను చేసిన తప్పు. ఏడాది పాటు ఏడీహెచ్‌డీ గురించి వీడియోలు చూశాను తప్ప అపాయింట్‌మెంట్ తీసుకోలేదు. దాని గురించి చూస్తూ ఉంటే దానికి ఏదో చేస్తున్నట్టే అనిపిస్తుంది.

ఆ తర్వాత మందు మొదలైంది. అద్భుతమేమీ జరగలేదు. రేడియోలో ఒకేసారి మోగుతున్న నాలుగు స్టేషన్లలో మూడింటి శబ్దం తగ్గినట్టయింది, ఆ మిగిలిన స్టేషను ఏదన్నది మాత్రం నేనే ఎంచుకోవాలి. మాత్ర వేసుకున్న మొదటి శనివారం అద్భుతమైన ఏకాగ్రతతో నాలుగు గంటలు రీళ్లు చూశాను. నవ్వకండి, ఇది ఈ దారిలో వచ్చేవారందరికీ చెప్పవలసిన సంగతి. 2022 అక్టోబరులో ఇక్కడ యాంఫెటమిన్ మందుల కొరత ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది, ఒక మాత్రల సీసా కోసం ఐదు ఫార్మసీలు తిరిగాను. తిరగడానికి కావలసిన ఓపికా, క్రమమూ లేకపోవడమే కదా నా జబ్బు!

బెజవాడ వైద్యుడు:

మన దేశంలో ఆ యాంఫెటమిన్ రకాలు ఔషధంగా దొరకవు, విదేశాల నుంచి తిరిగి వచ్చేవారు ఇది ముందే తెలుసుకోవాలి. ఇక్కడ ప్రధానంగా వాడేవి మిథైల్‌ఫెనిడేట్, అటోమాక్సెటిన్. మొదటిది మాదకద్రవ్యాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద సైకోట్రోపిక్ (మనసు మీద పనిచేసే) పదార్థాల జాబితాలో ఉంది కాబట్టి, చీటీ లేకుండా అమ్మరు, చిన్న ఊళ్ల దుకాణాల్లో చాలాసార్లు ఉండదు. రెండోది ఆ జాబితాలో లేదు, కానీ దాని ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. దేనికైనా ముందు రక్తపోటు, గుండె చూడాలి. థైరాయిడ్, రక్తహీనత, గురకతో కూడిన నిద్రలేమి, ఆందోళన, కుంగుబాటు కూడా మనిషిని పరధ్యానంలో పడేస్తాయి, వాటిని వదిలేసి నేరుగా ఈ పేరు పెట్టేవారి దగ్గరికి వెళ్లవద్దు.

తెనాలి మాస్టారు:

రెండు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. రాత్రి నాకు ఒక విద్యార్థి గుర్తుకొచ్చాడు. నోటి లెక్కల్లో తరగతి మొత్తానికీ ముందు చెయ్యెత్తేవాడు, అదే లెక్కను నోటుపుస్తకంలో చేయమంటే రెండో మెట్టు దగ్గర ఆగి కలం మూత కొరుకుతూ కూర్చునేవాడు. తెలివి ఉంది, శ్రద్ధ లేదు అని ప్రతి ప్రగతి పత్రంలోనూ నా చేత్తో రాశాను. రాయడమే కాదు, బెంచీ ఎక్కించాను. వాడు పదో తరగతి దాటలేదు.

అవధానంలో చివరి అంకం ధారణ. అడ్డంకులన్నీ దాటిన తర్వాత, ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ అవధాని మనసులోంచి వరుసగా అప్పజెబుతాడు. తిరిగి రావడం సాధనతో వస్తుందని మొదట రాశాను. తిరిగి రావాలంటే వదిలిన పాదం గుర్తుండాలి కదా! వాడికి ఆ ధారణే లేదేమో, నేను అడిగింది కుంటివాణ్ణి పరుగెత్తమనడమేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. మాత్రల విషయంలో నా సంకోచం అలాగే ఉంది, వైద్యుడు గారు నొచ్చుకోవద్దు.

బెజవాడ వైద్యుడు:

నొచ్చుకోవడం లేదు మాస్టారూ. మీరు ధారణ అన్నదాన్ని మేము పని జ్ఞాపకం అంటాం, అది వీరిలో చాలామందికి బలహీనంగానే ఉంటుంది. ఆ ప్రగతి పత్రాలు ఎక్కడైనా మిగిలి ఉంటే, అవి ఆ మనిషికి ఇవాళ కూడా ఆధారమే.

ఇరవయ్యో తేదీ (ఏడు వారాల తర్వాత):

ఆలస్యమైనందుకు క్షమించాలి, ఈ జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను.

మొదట వెళ్లిన చోట ఐదు నిమిషాల్లో, ఫోను తగ్గించి ధ్యానం చేయమని పంపేశారు. రెండో వైద్యురాలు రెండు విడతలుగా మాట్లాడారు, అమ్మను రమ్మన్నారు, రక్తపరీక్షలు చేయించారు. అమ్మ మచిలీపట్నం నుంచి వస్తూ ట్రంకుపెట్టెలోంచి నా ఐదో తరగతి ప్రగతి పత్రం తీసుకొచ్చింది. అందులో మాస్టారు రాసిన వాక్యమే ఉంది, అక్షరం పొల్లు పోలేదు. పరధ్యానం ప్రధానంగా ఉన్న ఏడీహెచ్‌డీ అని తేలింది. దానితో పాటు రక్తహీనత కూడా ఉంది, రెండింటికీ మందులు వాడుతున్నాను.

ఫోను విషయంలో సంకల్పబలం మీద ఆశ వదిలేశాను. ఓటీపీల కోసం పాత మీటల ఫోను ఒకటి కొని ఆ సిమ్ము అందులో వేశాను. దానిలో గోంగూర నూరేవారెవరూ ఉండరు. స్మార్ట్‌ఫోను తెరను నలుపు తెలుపు చేసి, నోటిఫికేషన్లన్నీ ఆపి, పని వేళల్లో బియ్యం డబ్బాలో పెడుతున్నాను. సమయ పరిమితి పెట్టే యాప్ మాత్రం నాకు పనికిరాలేదు, ఇవాళ్టికి వదిలెయ్యి అనే మీట దానిలోనే ఉంది. ఇంకొకటి: నాలాగే ఇదే పని చేసే స్నేహితురాలితో రోజూ ఒక గంట వీడియో కాల్ పెట్టుకుని, ఇద్దరం మాట్లాడకుండా ఎవరి పని వాళ్లం చేసుకుంటాం. ఎదుట ఒక మనిషి ఉంటే ఎందుకు పని సాగుతుందో నాకు తెలియదు, సాగుతోంది. ఈ నెల రిటర్నులు 18వ తేదీకే వెళ్లాయి. పోయిన నెల మాత్రం ఒకటి తప్పింది.

కరీంనగర్ అమ్మ:

అక్కా, చాలా సంతోషం. మావాడికి పరీక్ష వచ్చే మంగళవారం. మీరు బియ్యం డబ్బాలో పెడుతున్నారు కదా, మరి వంట మధ్యలో సమయం చూసుకోవడానికి ఏం వాడుతున్నారు?

ఇరవయ్యో తేదీ:

చెవి తిప్పితే టిక్కు టిక్కుమని నడిచి చివర గంట కొట్టే వంటింటి టైమరు, చెల్లీ. గోడ గడియారంలో నాకు సమయం కనిపించదు గాని, ఇందులో తరిగిపోతున్నట్టు వినిపిస్తుంది. పాలకు ఎనిమిది నిమిషాలు పెట్టుకుంటాను. ఒకటి స్టవ్వు పక్కన, ఇంకొకటి బల్ల మీద పెట్టుకోండి, ఒక్కటే ఉంటే అది ఎక్కడ పెట్టామో వెతుక్కోవాల్సి వస్తుంది.